ఊలు తంగేళ్లు

గోదావరి దాటి లక్సెట్టిపేట, చెన్నూరుల మీదుగా ఆసిఫాబాదు, ఉట్నూరు అడవులలోనికి పోయినకొలది మార్గశిర పుష్యమాసముల చలి ఎట్టిదో, తెలుగుదేశపు తక్కిన భాగములందు పుట్టి పెరిగినవారికి చెప్పి నమ్మించుట కష్టము. తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలకు దిగిపోవును. పొద్దు బారెడెక్కినదాక మంచు చేలమీదనుండి లేవదు. కొట్టము ముందర, చావడి ముందర, బడి ముంగిట ఎక్కడ చూచినను నెగళ్లే. ఆదిలాబాదు జిల్లాకు బదిలీ అయిన ఉద్యోగికి బంధువులు మొట్టమొదట చెప్పు హితవు ఉన్నిబట్టలు మరువవద్దనియే. మా స్త్రీల చేతికి ఊలుదారమును అందించినది ఈ చలియే కాని వేడుక కాదు. స్వెటరు, మఫ్లరు, పసిపిల్లల టోపీ, ఇవి అవసరములు. ఇవన్నియు అల్లగా మిగిలిన తునుకదారములను ఏమి చేయవలెనను ప్రశ్నకు సమాధానముగా పుట్టినవి ఊలుపూలు.

ఆ పూలు గులాబీలును లిల్లీలును మాత్రమే అయియుండినచో వానిని గురించి ఇంత వ్రాయవలసిన పని లేకపోవును. కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో కొందరు స్త్రీలు ఒక తరముపాటు తంగేటిని, గునుగును, మోదుగను, తుమ్మపూవును, నాభిని ఊలుతో అల్లిరి. ఏ గ్రంథమునందును అచ్చుపడని ఆ నమూనాలు వారితోడనే పుట్టి వారితోడనే పోయినవి.

మా ప్రాంతమునకు ఉన్ని క్రొత్త కాదు. కురుమవారు లేని ఊరు మా దిక్కున అరుదు. నల్లగొర్రెల ఉన్నిని కత్తిరించి, ఏకి, వడికి, మగ్గముపై నేసి, చింతగింజల అంబలి పట్టించి వారు చేసిన గొంగడి రైతునకు వానలో గొడుగు, చలిలో దుప్పటి, పొలమున పరుపు, అవసరమైనప్పుడు మూటగట్టు బట్ట కూడ నైయుండెను. కాని ఆ ఉన్ని ముతకది. నలుపు దాని సహజవర్ణము గనుక మరియొక రంగును పైకి తేలనీయదు. పసుపుపచ్చని పూవు చేయవలెనన్న మిల్లుదారము కావలెను. 1876లో కాన్పూరునందు స్థాపితమైన లాల్ ఇమ్లీ మిల్లు, పంజాబులోని ధారీవాల్ మిల్లు, వీని పేర్లు నా బాల్యమున మా ఇంటి ఆడువారి నోట పుణ్యక్షేత్రముల పేర్లతో సమానముగా దొరలుచుండెను. ఆ దారము లచ్ఛీలుగా దొరకెడిది. ఒకరు రెండు మోకాళ్లకు లచ్ఛీ తగిలించుకొని కూర్చుండగా మరియొకరు ఉండ చుట్టెడివారు. మోకాళ్లు అరువిచ్చు పని సాధారణముగా పిల్లలది.

అల్లిక మాత్రము ఎన్నో వాకిళ్లనుండి వచ్చినది. నిజాము కాలపు బాలికల పాఠశాలలో ఉర్దూ చదువుతోపాటు దస్త్‌కారీ అని ఒక గంట యుండెడిదని మా పెద్దమ్మ చెప్పెడిది. ఆమె సలాయిలు పట్టుట అచ్చటనే నేర్చినది. క్రైస్తవ మిషనుల ఆస్పత్రులలో పనిచేసిన నర్సులు కొందరకు క్రోషియా నేర్పిరి. కాగజ్‌నగరు కాగితపు మిల్లు క్వార్టర్లలోను, బెల్లంపల్లి బొగ్గుగనుల బంగళాలలోను దేశపు నలుమూలలనుండి వచ్చిన కుటుంబములు కాపురముండుటచే, ఒక బెంగాలీ ఇల్లాలి గొలుసుకుట్టును ఒక పంజాబీ ఇల్లాలి పక్కటెముకల అల్లికయు ఒకే వాకిట ఇచ్చిపుచ్చుకొనబడినవి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైన పిమ్మటను, 1953లో దుర్గాబాయమ్మగారి అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడిన పిమ్మటను మహిళా మండలులు వచ్చినవి. గ్రామసేవికలు కుట్లు, అల్లికలు పల్లెలకు తెచ్చిరి. మండలిలో నేర్పినది సరళమైన అల్లిక. ఆ అల్లికతో ఏమి చేయవలెనను విషయమున మా వారు ఎవరి మాటయు వినలేదు.

వినకపోవుటకు కారణ మున్నది. అల్లిక పుస్తకములన్నియు చలిదేశములవి. వానియందు డైసీ కలదు, పాన్సీ కలదు, ఐరిష్ గులాబీ కలదు. ఐర్లండులో 1845నుండి బంగాళాదుంప పంట తెగులుపడి ఘోరక్షామము వచ్చినప్పుడు సన్యాసినుల మఠములలో నేర్చిన క్రోషియా అల్లికయే ఎన్నో పేద కుటుంబములకు కూడు పెట్టినది. ఆ అల్లికలో గులాబీలును, ఆ దేశపు మూడాకుల గడ్డియు వేరువేరుగా అల్లి పిదప వలయందు కూర్చుదురు. వారు తమ గట్లమీది మొక్కను అల్లుకొనిరి గదా, మనము వారి గట్లమీది మొక్కను ఏల అల్లవలెనని మా పెద్దమ్మ ఈ చరిత్ర తెలిసి ఆలోచించినది కాదు. ఆమె తర్కము మరింత సూటియైనది. "బుక్కుల ఉన్న పువ్వును నేనెన్నడన్న జూసిన్నా? జూడని పువ్వు ఎట్ల జేస్త బిడ్డా?" అనెడిది.

మా పెద్దబాపు అడవిశాఖలో చిన్న ఉద్యోగి. చెన్నూరు, సిర్పూరు, ఉట్నూరు, ఇట్లు ఆయన బదిలీలు అడవి అంచునే తిరిగినవి. పెద్దమ్మయు ఆయనతో తిరిగినది. సెలవులలో నన్ను అచ్చటికి పంపెడివారు. సాయంకాలము తరువాత పలుకరించు మనిషి లేని బంగళాలో, లాంతరు వెలుగున, కుంపటి ప్రక్కన ఆమె అల్లుచు కూర్చుండెడిది. ఆమె అల్లికలో రెండు పనులు నాకు దక్కినవి: పగటియందు పూలు తెచ్చుట, రాత్రియందు కత్తెర పట్టుట. మగపిల్లవాడు సూది పట్టుట ఆ కాలమున నవ్వులాట గనుక అంతకు మించి నేర్చుకొనలేదు. అయినను చూచినది మరువలేదు.

తంగేడు అన్నిటికంటె సులభమని పైకి తోచును. నాలుగు గొలుసుకుట్లు కలిపి వలయము చేసి, దానినుండి ఐదు రేకులు లాగి, ఒక్కొక్క రేకును మొదట సన్నముగను చివర వెడల్పుగను పెంచినచో పూవాయెననుకొందుము. మొదటిసారి అట్లు చేసిన ఒక చుట్టపు పిల్లతో పెద్దమ్మ, "ఇది తంగేడు గాదే, బీరపువ్వు. పోయి మల్ల జూసి రా" అన్నది. ఆ పిల్ల తిరిగి వచ్చి, రేకులు ఐదే యున్నవని వాదించినది. "రేకులు గాదు, నడుమ జూసినవా? పది కాడలుంటయి. మూడు ముడుసుకపోయినట్టుంటయి, కడుమయి లావుంటయి." పిదప ఎప్పుడో నేను వృక్షశాస్త్ర గ్రంథమున తంగేటికి పది కేసరములనియు, పైనున్న మూడు వంధ్యములనియు చదివినప్పుడు నాకు ఆశ్చర్యము కలుగలేదు, ఆ పాఠము లాంతరు ముందర ఎప్పుడో అయిపోయినది. గోధుమవన్నె దారమును పది ముడులుగా వేసి ఆమె ఆ కేసరములను నిలుపుచుండెను. మూడింటిని మాత్రము బిగించి చిన్నవి చేయుచుండెను. దూరమునుండి చూచువారికి ఆ భేదము కనబడనే కనబడదు. కనబడదు గదా అని మానుట ఆమె స్వభావము కాదు.

గునుగు పద్ధతి వేరు. అది అల్లుపూవు కాదు, చుట్టుపూవు. వెన్ను క్రింద వెండితెలుపు, పైకిపోయినకొలది లేత గులాబి; ఆ మార్పు ఎచ్చట జరుగునో ఎంత పరికించినను చెప్పలేము. తెల్లదారమునకు గులాబి దారము ముడివేసినచో ఒక గీత వచ్చి పూవు చెడును. అందుచేత నాలుగు పోగుల ఊలును విప్పి, మొదట నాలుగును తెలుపు, తరువాత మూడు తెలుపు ఒకటి గులాబి, పిదప రెండు రెండు, ఇట్లు పోగులను మార్చి పేనుకొని, ఆ దారమును చీపురుపుల్ల చుట్టు చిన్న చిన్న ఉచ్చులుగా ఒత్తుగా కట్టి, తుదకు ఉచ్చుల కొసలను కత్తిరింపవలెను. ఆ కత్తిరింపే నా పని. గునుగు ఎండినను రూపు చెడని పూవగుటచే, దసరాకు కోసిన వెన్నును దీగూటిలో నిలిపి చలికాలమున దానిని చూచుచు చేసెడివారు. ఈ సౌకర్యము తక్కిన పూలకు లేదు. తక్కినవి జ్ఞాపకమునుండి రావలసినదే.

మోదుగ విషయమున మాత్రము మా పెద్దమ్మకు గర్వముండెను, ఉండదగినదే. ఫాల్గుణమున ఆకు రాలి బోడియైన కొమ్మపై చిలుకముక్కువలె వంగిన నారింజవన్నె పూలు, మా వాడుకలో గోగుపూలు, కొమ్మను కప్పివేయును. హోళికి మేము వానిని ఉడికించి రంగు చేసెడివారము. ఊలుతో చేయువారందరును ఆ నారింజవన్నెను చూచి మోసపోయెడివారు. పూవునకు ప్రాణము దాని క్రింది తొడిమగిన్నె. అది నలుపుతో కలిసిన గోధుమవన్నె, ముట్టినచో మఖమలు. మిల్లుదారమున ఆ వన్నె దొరకదు, దొరకినను ఆ నూగు రాదు. ఒకనాడు పెద్దమ్మ గొంగళ్లు నేయు ఇంటికి పోయి, వడికిన నల్ల ఉన్ని గుప్పెడు అడిగి తెచ్చినది. నేలకు సంబంధించిన ఆ ముతక నల్ల ఉన్ని కాన్పూరు దారపు నారింజరేకులను పట్టుకొని కూర్చుండగనే పూవు మోదుగ ఐనది. ఇంతకు పూర్వము గొంగడికి తప్ప మరెందుకును కొరగాదనుకొన్న ఉన్నికి ఆ ఇంట ఒక గౌరవస్థానము దొరకినది. నేతవారి ఇల్లాలు ఆ పూవును చూచి, "మా ఉన్నే గదమ్మా" అని పదిమందికి చూపినదట.

నాభి అల్లుట మిక్కిలి కష్టము. శ్రావణపు వానలలో పొదలపై ప్రాకి పూయు ఈ పూవునకు ఆరు రేకులు. అవి క్రిందికి వ్రాలక పైకి వెనుదిరిగి జ్వాలలుగా నిలుచును. మొదట పచ్చన, పిదప పసుపు, తుదకు ఎరుపు. దుంప విషమగుటచే పిల్లలను తాకనిచ్చెడివారు కాదు; పెద్దమ్మయే పోయి చూచి వచ్చెడిది. రేకు అంచున అలలు రావలెనన్న ఒక్కొక్క కుట్టులో రెండేసి కుట్లు వేయవలెను. అప్పుడు అంచునకు పట్టవలసిన చోటుకంటె కుట్లు ఎక్కువై, అల్లిక బల్లపరుపుగా నిలువలేక ముడుచుకొని తరంగించును. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున డైనా తైమినా అను లాట్వియా గణితజ్ఞురాలు సరిగా ఈ యుక్తితోనే క్రోషియా అల్లి, అంతవరకు గణితజ్ఞులు కాగితముపై వర్ణించుటయే గాని చేత పట్టి చూపుటకు పాట్లుపడిన అతిపరావలయ తలమును విద్యార్థుల చేతికిచ్చినది. ఈ వార్త చదివిననాడు మా పెద్దమ్మ లేదు. ఉండినను, "గట్ల బెంచుకుంట పోతే అలలు రాక ఏమొస్తయి?" అని యుండెడిదని నా నమ్మకము.

అల్లరాని పూవనునది ఆమెకు లేదని నేననుకొనుచుండగా ఇప్పపూవు వచ్చినది. చైత్రమున తెల్లవారకముందే చెట్టుక్రింద తెల్లగా రాలు ఆ పూలను గోండు స్త్రీలు గంపల కొలది ఏరుకొని ఎండబెట్టి దాచుకొందురు. ఉట్నూరు దిక్కున బంగళాకు కట్టెలు తెచ్చు ఒక గోండు స్త్రీ పెద్దమ్మ చేతిలోని పనిని చూచి, ఇప్పపూవు చేయుచున్నానని తెలిసి కడుపుబ్బ నవ్వినది. "తినే పువ్వును దారంతోటి జేస్తె కడుపు నిండుతదా దొరసానీ?" పెద్దమ్మ ఆ పూవును అర్ధాంతరముగా విప్పి ఉండ చుట్టినది, మరల దాని జోలికి పోలేదు. రేలపూలు, తుమ్మపూలు చేసినది. తుమ్మపూవునకు రెండు వ్రేళ్ల చుట్టు దారము చుట్టి నడుమ బిగించి కత్తిరించి దొరలించినచో చాలును. చిన్నపిల్లలకు మొదట నేర్పునది అదియే.

ఈ పూలు ఎచ్చట నుండెడివి? దర్వాజకు తోరణముగను, దేవుని పటమునకు అంచుగను, విసనకర్రకు కుచ్చుగను, ఖాళీయైన హార్లిక్సు సీసాలో గుత్తిగను ఉండెడివి. ఆడపిల్లను అత్తవారింటికి పంపునప్పుడు సారెపెట్టెలో ఒక గుత్తి పెట్టెడివారు. పొలాల అమావాస్యకు ఎడ్ల కొమ్ములకు రంగు పూసి నొసట కుచ్చులు కట్టు వేడుక ఆదిలాబాదున ఎక్కువ. ఎద్దునకు కట్టిన కుచ్చులలో ఒకటి రెండు తంగేళ్లు దూరియుండుట నేను చూచితిని. తండాలనుండి సంతకు వచ్చు లంబాడా స్త్రీల కౌడీలును ఊలుకుచ్చులును మా వారిని ఎంతగానో ఆకర్షించెడివి. ఇంకొక మాట: పూలకాడలకు తీగ మెలిపెట్టు ఒడుపు కరీంనగరు వెండితీగ పనివారినుండి వచ్చినదని పెద్దమ్మయే ఒప్పుకొన్నది. 1905లో జిల్లా కేంద్రము ఎలగందలనుండి కరీంనగరునకు మారినను, ఎలగందలనాటి ఆ తీగపని కరీంనగరున నిలిచియుండెను. సన్నని వెండితీగను మెలిపెట్టి పూవు చేయు ఆ పనివారి అరుగు ముందర ఆమె చిన్ననాడు గంటలకొలది నిలిచియుండినదట.

ఊలుపూవు అడుగుపెట్టరాని చోటు ఒక్కటే యుండెను. ఒక ఏడు వానలు సరిగా పడక తంగేడు పలుచనైనప్పుడు, సద్దుల బతుకమ్మ పేర్చుచున్న తాంబాళము దగ్గర ఒక పిల్ల వరుసలో ఖాళీ కనబడినచోట ఒక ఊలు తంగేటిని చెక్కినది. చూచుటకు ఎవరును గుర్తింపలేనంత బాగుగా కుదిరినది. వాడకట్టులోని ఒక ముసలమ్మ గుర్తించి, తీసి, ఆ పిల్ల చేతిలో పెట్టినది. "నీళ్లల్ల గలువని పువ్వు గౌరమ్మకు పెట్టద్దు బిడ్డా." కోపము లేదు, వాదము లేదు. ఖాళీలో గుమ్మడాకు తునుక పెట్టి బతుకమ్మను పూర్తిచేసిరి. ఊలుపూవు నిజమైన పూవునకు బదులు అని మా వారెవ్వరును ఎన్నడును భావింపలేదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు. అది పూవును చూచిన చూపునకు ఆనవాలు మాత్రమే.

ఏటేట దసరాకు ముందు ఊలుపూలకు స్నానము. కుంకుడురసములో ముంచి, పిండక, నీడన ఆరవేసి, మరల డాంబరు గోలీలతో పెట్టెలో పెట్టెడివారు. ఈ ఉపచారమునకు ఓపిక తగ్గిననాడే వాని ఆయువు తగ్గినది. ప్లాస్టిక్కు పూలు వచ్చినవి. అవి తడిగుడ్డతో తుడిచిన చాలును. చలికాలమున కరీంనగరు, మంచిర్యాల వీధులలో నేపాలీలును టిబెట్టువారును పరచిన స్వెటర్లు కొనుట అల్లుటకంటె సులువైనది. స్వెటరు అల్లని ఇంట మిగులుదారము మిగులదు. ఊలు అని అమ్ముదానిలో గొర్రె వాసనయే పోయినది. అది రసాయన దారము, మెరయును గాని నాలుగు పోగులు విప్పిన వీడి చెదరును, గునుగుకు పనికిరాదు. మరొకవైపు చేలలో పత్తి ప్రబలి కలుపుమందు పడుటచే గునుగే అరుదైనది. నేడు పట్టణములలో బతుకమ్మకు గునుగు కట్టలు డబ్బిచ్చి కొనుచున్నారు. 2014లో తంగేటిని తెలంగాణ రాష్ట్రపుష్పముగా ప్రకటించినప్పుడు నాకు సంతోషము కలిగినది. పెద్దమ్మ దానికి పట్టించిన పది ముడులు గుర్తుకు వచ్చినవి.

నరసాపురపు క్రోషియా లేసు నిలిచినది, మాది పోయినది, ఏల అని ఆలోచించినప్పుడు నాకు తోచు కారణ మొక్కటే. గోదావరి దిగువన మిషనరీలు పందొమ్మిదవ శతాబ్దమున నాటిన ఆ లేసు మొదటినుండి అమ్మకపు సరకు. దళారులుండిరి, కూలిరేటుండెను, విదేశములకు ఎగుమతి యుండెను. ఆ కూలి ఎంత తక్కువదో 1982లో మరియా మీస్ వ్రాసిన గ్రంథము లోకమునకు తెలిపినది. అయినను ఆ పని నిలిచి 2024లో భౌగోళిక గుర్తింపు పొందినది. ఎలగందల వెండితీగయు వెండి తూకమున నిలిచినది. మా ఊలు తంగేటికి వెల కట్టినవారు లేరు. వెల కట్టియుండినచో ఆ మూడు చిన్న ముడులను ఏ దళారియు సహించియుండడని కూడ నాకు తెలియును గనుక, ఏది మేలో తేల్చుకొనలేను.

ఇటీవల నగరములందు యువతులు మరల క్రోషియా పట్టుచున్నారు. ట్యూలిప్పులును, సూర్యకాంతులును అల్లి అమ్ముచున్నారు. కొన్ని మిక్కిలి ముచ్చటగా నున్నవి. మా తమ్ముని మనుమరాలు అట్టిదొకటి తెచ్చి, "తాతా, మీ పెద్దమ్మ గునుగు ఎట్ల జేసేదో నీకు ఎరుకనా?" అని అడిగినది. సూది పట్టుట నాకు రాదని చెప్పి, తెలిసినంత చెప్పితిని. దారము నిజమైన ఉన్నిదై యుండవలెను, పోగులు విప్పుకొనవలెను, తెలుపునుండి గులాబికి తొందరపడి పోరాదు, చుట్టుట వెన్ను క్రిందనుండి మొదలుపెట్టవలెను, ఉచ్చులను ఒకే కోతలో గాక కొంచెము కొంచెముగా కత్తిరింపవలెను. మోదుగ చేయవలెనన్న మాత్రము నల్ల ఉన్ని కావలెను; అది దుకాణములలో దొరకదు, గొంగడి నేయు ఇల్లు ఎచ్చట మిగిలియున్నదో విచారించి పోయి అడుగవలెను. ఫోనులో వెదకెదనని ఆ పిల్ల అన్నది. వెదకుమంటిని, పోవునప్పుడు నన్నును తోడు తీసికొని పొమ్మంటిని.